తాగుడు మానితే చెయ్యి ఆగుతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తాగొచ్చి కొట్టే భర్తల గురించే. రాసినవాళ్లలో భార్యలున్నారు, అన్నదమ్ములున్నారు, కొట్టే మనిషి స్వయంగా రాసిన ఉత్తరమూ ఒకటి ఉంది. పేర్లు, ఆనవాళ్లు తీసేసి ఏడింటికి మా వైద్య, న్యాయ సలహాదారులు జవాబులిస్తున్నారు.

*మా ఆయన సెంట్రింగ్ మేస్త్రి. రోజూ సాయంత్రం క్వార్టర్, శనివారం కూలి డబ్బు చేతికొస్తే హాఫ్. తాగినప్పుడే కొడతాడు. తెల్లారాక కాళ్లు పట్టుకుని ఏడుస్తాడు, 'కొట్టింది నేను కాదు, మందు' అంటాడు. ముందు తాగుడు మాన్పించాలా, కొట్టడం సంగతి చూడాలా?*
— ఒక సోదరి, పల్నాడు జిల్లా

రెండూ ఒకేసారి చూడాలమ్మా, కానీ వేర్వేరు పనులుగా చూడాలి. తాగుడు కోపాన్ని పెంచుతుంది, ఆపుకునే శక్తిని తగ్గిస్తుంది. ఇది నిజమే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, భర్త తరచూ మత్తులో ఉంటాడని చెప్పిన భార్యల్లో సుమారు 70 శాతం మంది శారీరక లేదా లైంగిక హింస అనుభవించినట్టు తేలింది. అయితే అదే సర్వేలో, అసలు తాగని భర్తలున్న ఇళ్లలో కూడా ఆ సంఖ్య సుమారు 23 శాతం. మందే కొడుతోందంటే ఈ 23 శాతం ఇళ్లలో కొడుతున్నది ఎవరు?

ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఆయన వైన్‌షాపు దగ్గర కాంట్రాక్టరు మీద చెయ్యెత్తాడా? దారిలో పోలీసు ఆపితే ఆయన మీద? తన సెల్‌ఫోన్ గోడకేసి కొట్టాడా, మీ ఫోనే కొట్టాడా? బట్టల కింద దాగే చోటే దెబ్బలు పడుతున్నాయా? ఎవరి మీద చెయ్యెత్తకూడదో మత్తులోనూ తెలుస్తోందంటే, ఎత్తినచోట ఎత్తవచ్చని ఆయన ముందే అనుకున్నట్టు. ఆ నమ్మకం ఏ మాత్రతోనూ పోదు.

మన దేశంలోనే జరిగిన రెండు అధ్యయనాలు దీన్ని చక్కగా చూపించాయి. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చే మగవాళ్లకు, శిక్షణ పొందిన మామూలు మనుషులు గరిష్ఠంగా నాలుగు విడతలు కౌన్సెలింగ్ ఇచ్చారు. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం, అడిగిన నాటికి అంతకుముందు రెండు వారాల్లో చుక్క కూడా తాగనివాళ్లు ఇందులో 42 శాతం, కౌన్సెలింగ్ లేనివాళ్లలో 18 శాతం. కానీ భార్య మీద హింసలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బెంగళూరులో మద్యానికి బానిసలైన భర్తలకు తాగుడు, హింస రెండింటి మీదా కలిపి ఎనిమిది విడతలు ఇచ్చారు. 2016లో వచ్చిన ఆ ఫలితాల్లో, మామూలు వైద్యం పొందినవాళ్లతో పోలిస్తే తాగుడులో తేడా కనపడలేదు గానీ హింస తగ్గింది, భార్యల దిగులూ ఆందోళనా తగ్గాయి. హింస గురించి విడిగా మాట్లాడితేనే హింస తగ్గింది.

కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు 'తాగుతున్నాడు' అని ఆగిపోవద్దు. 'కొడుతున్నాడు' అనేది ఆయన ఎదుట కాకుండా, మీరొక్కరే ఉన్నప్పుడు చెప్పండి. అలా విడిగా ఐదు నిమిషాలు ఇమ్మని అడగడం మీ హక్కు.

ఇక ఈ రాత్రి సంగతి. 180 మి.లీ. క్వార్టర్లో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ఒంట్లోంచి గంటకు పోయేది పది గ్రాముల లోపే. రాత్రి తొమ్మిదికి తాగితే తెల్లవారుజాము దాకా మత్తు పూర్తిగా దిగదు. హాఫ్ అయితే మర్నాడు పొద్దున తొమ్మిదీ పదీ అవుతుంది. ఆ లోపు డబ్బు గురించి, పుట్టింటి గురించి, మానెయ్యమని, ఏదీ మాట్లాడకండి. గొంతు లేస్తే వంటగదిలో, బాత్‌రూములో ఉండకండి. ఒకచోట కత్తి, స్టవ్వు ఉంటాయి, రెండో చోట బయటికి దారి ఉండదు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, పిల్లల సర్టిఫికెట్లు, కొంత డబ్బు ఒక సంచిలో పెట్టి నమ్మకమున్న ఇంట్లో ఉంచండి. 112 పోలీసు, 181 మహిళా హెల్ప్‌లైన్. ఎప్పుడైనా గొంతు పిసికితే, పైకి మచ్చ లేకపోయినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. గొంతు బొంగురుపోవడం, మింగలేకపోవడం, కళ్లలో ఎర్రటి చుక్కలు లోపలి దెబ్బకు గుర్తులు. గొంతు మీద చెయ్యి వేసిన మనిషి ఎంతకైనా తెగించవచ్చు, దాన్ని మామూలు గొడవగా వదిలెయ్యకండి.

*అన్నంలో కలిపితే తెలియకుండా తాగుడు మానుతుందని ఒక పొడి అమ్ముతున్నారు. చెల్లెలు కొనమంటోంది. కలపొచ్చా?*
— ఒక అక్క, కరీంనగర్ జిల్లా

కలపొద్దు, చెల్లెల్ని కూడా కలపనివ్వొద్దు. ఇలాంటి పొడుల్లో ఏముందో పైన రాసి ఉండదు. డైసల్ఫిరామ్ అనే మాత్ర పొడి ఉండవచ్చు. అది ఒంట్లో ఉండగా తాగితే పది నుంచి ముప్ఫై నిమిషాల్లో మొహం ఎర్రబారి, గుండె దడదడలాడి, వాంతులు, ఆయాసం వచ్చి బీపీ పడిపోతుంది. గుండె జబ్బున్న మనిషి ప్రాణమే పోవచ్చు. డాక్టరు ఇదే మాత్ర ఇచ్చేటప్పుడు రోగికి అన్నీ చెప్పి ఒప్పిస్తాడు, లివర్ పరీక్ష, అవసరమైతే ఈసీజీ తీయిస్తాడు, ఆఖరి చుక్క తాగి కనీసం 12 గంటలు గడిచాకే మొదలుపెడతాడు. మామూలు మోతాదు రోజుకు 250 మి.గ్రా. ఆపేసిన తర్వాత రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండవచ్చు. ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్‌తో కూడా ఇబ్బంది వస్తుంది.

మరో ప్రమాదం ఉంది. వాంతి చేసుకున్న మనిషికి 'నువ్వు నాకేదో పెట్టావు' అన్న అనుమానం వస్తే చెల్లెలి మీద ఏం జరుగుతుందో ఆలోచించండి. ఇప్పటికే కలిపి ఉంటే ఆపేసి డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఆయాసం, తూలిపడటం కనిపిస్తే వెంటనే 108.

ఆయన ఒప్పుకుని మాత్ర వేసుకునేటట్టయితే, రోజూ ఎదురుగా నిలబడి వేయించే పని భార్యకు పెట్టకూడదు. ఈ వైద్యంలో సాధారణంగా భార్యకే ఆ బాధ్యత అప్పగిస్తారు. కొట్టే ఇంట్లో అది రోజూ ఒక తగాదాకు ముహూర్తం పెట్టడమే. ఆయన తండ్రో, అన్నో, తాగని స్నేహితుడో చూసుకోవాలి.

*నాకు ముప్ఫై ఎనిమిదేళ్లు. ఆరేళ్లుగా రోజూ హాఫ్. ఇంట్లో ఆమె మీద చేయి చేసుకుంటున్నాను. పోయిన నెల పిల్లాడు నన్ను చూసి మంచం కింద దూరాడు. మానేద్దామని రెండుసార్లు ఆపితే చేతులు వణికి, నిద్ర పట్టక మళ్లీ తాగాను. ఎక్కడ మొదలుపెట్టాలి?*
— పేరు రాయలేదు, రాజమహేంద్రవరం

రాసినందుకు మంచిదైంది తమ్ముడూ. ముందు ఒంటి సంగతి. 375 మి.లీ. హాఫ్‌లో దాదాపు 125 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ఆరేళ్లుగా రోజూ ఇంత తాగే మనిషి ఇంట్లో కూర్చుని ఉన్నపళంగా ఆపకూడదు. ఆపిన 6–12 గంటల్లో వణుకు, చెమట, దడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది: గోడ మీద పురుగులు పాకుతున్నట్టు, ఎవరో చంపడానికి వస్తున్నట్టు అనిపిస్తుంది. ఆ భయంలో ఎదురుగా ఉన్న భార్యాపిల్లల మీద పడిన సందర్భాలుంటాయి. అందుకే ఈ నాలుగైదు రోజులు ఆస్పత్రిలో గడవాలి. ఇదివరకు ఫిట్స్ వచ్చి ఉంటే ఇందులో రాజీ లేదు.

టీచింగ్ ఆస్పత్రి సైకియాట్రీ ఓపీకి, తాగే పరిమాణం తగ్గించి చెప్పకుండా, వెళ్లండి. తాగుడు ఏ స్థాయిలో ఉందో కొలిచే పది ప్రశ్నల 'ఆడిట్' పరీక్ష పెడతారు. 40కి 8 గానీ ఆపైన గానీ వస్తే హానికరం, 20 గానీ ఆపైన గానీ వస్తే బానిసత్వానికి దగ్గర. వణుకు తగ్గడానికి క్లోర్‌డయజపాక్సైడ్ లాంటి మాత్ర ఇచ్చి వారం పది రోజుల్లో మెల్లగా తగ్గించి ఆపేస్తారు. దాంతోపాటు తాగితే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. వారం దాటాక అదే చీటీతో మందుల షాపులో కొనుక్కోవద్దు, అదో కొత్త అలవాటవుతుంది. ఇంకో ముఖ్య విషయం: నీరసమని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ సెలైన్ ఎక్కించుకోవద్దు. ఏళ్ల తరబడి తాగినవాళ్ల ఒంట్లో బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది. ముందు థయామిన్ ఇంజెక్షన్ పడకుండా గ్లూకోజ్ ఎక్కితే మెదడు దెబ్బతిని జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు.

వణుకు తగ్గితే వైద్యం అయిపోయినట్టు కాదు. ఇంటికొచ్చాక తాగాలన్న యావ తగ్గించడానికి నాల్ట్రెక్సోన్ రోజుకు 50 మి.గ్రా., లేదా అకాంప్రోసేట్ 333 మి.గ్రా. మాత్రలు రెండేసి మూడు పూటలా ఇస్తారు. మొదటిదానికి లివర్, రెండోదానికి కిడ్నీ పరీక్ష చూసుకోవాలి. నెలల తరబడి వాడాలి. చాలామంది మూడో వారం 'ఇప్పుడు బాగానే ఉన్నాను' అని ఆపేస్తారు, శనివారానికి మళ్లీ మొదలవుతుంది.

ఇక రెండో పని. మీ ఉత్తరంలో 'చేయి చేసుకుంటున్నాను' అని రాశారు. మన భాషలో ఆ మాట చాలా మెత్తగా ఉంది. 'గొడవైంది' అనేది ఇంకా మెత్తన, అందులో కొట్టినవాడే ఉండడు. ఒక నోట్‌బుక్కు తీసుకుని జరిగింది జరిగినట్టు రాయండి: 'మంగళవారం రాత్రి పదింటికి జుట్టు పట్టుకుని రెండుసార్లు చెంప మీద కొట్టాను. బాబు చూశాడు.' వాక్యంలో 'ఆమె అలా అన్నందుకు' అన్న ముక్క రాకూడదు. పక్కనే ఎన్ని మి.లీ. తాగారో, కొట్టడానికి ముందు ఐదు నిమిషాలు మనసులో ఏ మాట తిరిగిందో రాయండి. 'దీనికింత పొగరా', 'నా సంపాదన తింటూ నన్నే' లాంటి మాటలు మళ్లీ మళ్లీ కనపడతాయి. కౌన్సెలర్ దగ్గరికి ఈ నోట్‌బుక్కు పట్టుకెళ్లండి. పని చెయ్యాల్సింది ఆ మాటల మీదే. ఇది ఆమెకు చూపించి క్షమాపణ అడగడానికి మాత్రం కాదు.

కోపం వస్తోందని ఒంటికి తెలుస్తుంది: దవడ బిగుస్తుంది, అటూ ఇటూ పచార్లు మొదలవుతాయి. అప్పుడు 'గంట ఆగి వస్తా' అని ఒక్క మాట చెప్పి బయటికి నడవండి. బండి తియ్యొద్దు, వైన్‌షాపు ఉన్న వీధి వద్దు. గంటయ్యాక ఫోన్ చేసి, ఆమె రమ్మంటేనే రండి. ఈ పద్ధతి పాడయ్యేది రెండు చోట్ల. ఒకటి, దాన్ని తాగడానికి సాకు చేసుకోవడం. రెండు, ఆమె నోరు మూయించడానికి మాటిమాటికీ లేచి వెళ్లిపోవడం. మళ్లీ తాగిన రోజు ఇంటికి రాకుండా ఎక్కడ పడుకుంటారో ఇప్పుడే, మత్తు లేనప్పుడే, అన్నతోనో మేనమామతోనో మాట్లాడి ఖాయం చేసుకోండి.

ఇవన్నీ చేస్తున్నా ఆమె పుట్టింటికి వెళ్తానంటే వెళ్లనివ్వాలి. 'నీకోసమే మానేశాను, ఇంకా నమ్మవా' అని నిలదీయడం కూడా బెదిరింపే. పగలూ రాత్రీ ఉచితంగా తెలుగులో మాట్లాడటానికి టెలీ మానస్ 14416, మత్తు వదిలించుకోవడానికి సాయం 14446.

*మా బావను బలవంతంగా ఎత్తుకెళ్లి మూడు నెలలు ఉంచుకుంటామని ఒక ప్రైవేటు సెంటరు వాళ్లు చెబుతున్నారు. అక్కకు అప్పటిదాకానైనా మనశ్శాంతి.*
— ఒక తమ్ముడు, అనంతపురం జిల్లా

మీ అక్క గురించి మీ ఆత్రం అర్థమవుతోంది. కానీ ఇలా చెయ్యకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక స్థితులనూ తన కిందికి తెచ్చింది. ఇష్టం లేని మనిషిని చేర్చుకోవాలంటే 89వ సెక్షన్ ప్రకారం నామినేటెడ్ ప్రతినిధి (చట్టం ప్రకారం రోగి తరఫున నిలబడే మనిషి) అర్జీ పెట్టాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, వాళ్లలో ఒకరు సైకియాట్రిస్టు అయ్యుండాలి. అదీ గరిష్ఠంగా 30 రోజులు. గొలుసులతో కట్టెయ్యడం 95వ సెక్షన్ కింద నిషిద్ధం. రిజిస్ట్రేషన్ కాగితం చూపించని సెంటర్లో, రాత్రిపూట డాక్టరు లేనిచోట, పైన చెప్పిన ఫిట్స్ వస్తే చూసే దిక్కుండదు. విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, మీ దగ్గర్లోని టీచింగ్ ఆస్పత్రి సైకియాట్రీ విభాగం, వీటిలో అడగండి.

ఎక్కడ చేర్చినా ఒక్క ముందు జాగ్రత్త. 'నన్ను వీళ్లే పట్టించారు' అన్న కసితో బయటికొచ్చిన మొదటి వారం మీ అక్కకు చాలా ప్రమాదకరం. డిశ్చార్జి తేదీ ఆమెకు ముందే చెప్పాలని ఆస్పత్రికి రాసివ్వండి, ఆ వారం ఆమెనూ పిల్లల్నీ మీ ఇంట్లో ఉంచుకోండి.

*మా ఆయన బ్రాందీ ముట్టడు, కల్లే. అయినా మానితే ఫిట్స్ వచ్చాయి. ఎందుకు?*
— ఒక పాఠకురాలు, నిజామాబాద్ జిల్లా

కల్తీ కల్లు అయ్యుంటుంది. ఆల్ప్రజోలామ్, డయజపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లుకు అలవాటుపడ్డవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్, పిచ్చి చేష్టలు వస్తాయి. 'మందు తాగడు' అని మాత్రమే చెబితే డాక్టరు పొరబడతారు. కల్లు అని, రోజుకెన్ని సీసాలో చెప్పండి.

*మండల సమాఖ్యలో పనిచేస్తాను. ఇలాంటి కేసుల్లో ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేస్తాం, 'ఇక తాగను' అని కాగితం రాయిస్తాం. నెల తిరక్కుండా మళ్లీ అదే. కోర్టు ఏమైనా చెయ్యగలదా?*
— ఒక కార్యకర్త, నెల్లూరు జిల్లా

మీ జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద లేచారు, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చి, 1997లో సడలిపోయింది. దుకాణం మూతపడితే ఇంటికి ఊపిరి తిరుగుతుంది. కానీ ఒక్కో మనిషి చేసిన పనికి అతణ్నే జవాబుదారీ చేసే సాధనం వేరే కావాలి. 2005 గృహహింస చట్టం ఆ సాధనం.

మీ కాగితంలో లోపం ఏమిటంటే, అందులో 'తాగను' అని ఉంది, 'కొట్టను' అని లేదు. ఉన్నా, తప్పితే అడిగేవాళ్లు లేరు. పైగా ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెడితే ఆమె నోరు విప్పదు. విప్పితే ఆ రాత్రి ఆమెకు ఉంటుంది.

ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే ప్రొటెక్షన్ ఆఫీసరు దగ్గర గానీ, బాధిత మహిళలకు సాయం చేసే ప్రభుత్వ సఖి కేంద్రంలో గానీ సాయం తీసుకుని డీఐఆర్ (గృహహింస ఘటన నివేదిక) రాయించండి, 12వ సెక్షన్ కింద మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టించండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, ఫోన్ 15100. అర్జీలో విడివిడిగా ఇవి అడగాలి: 18వ సెక్షన్ కింద కొట్టకూడదని, తాగి ఇంట్లోకి రాకూడదని రక్షణ ఉత్తర్వు, 19 కింద అవసరమైతే అతణ్ని ఇంట్లోంచి తప్పించడం, హింసకు పాల్పడనని బాండు, 20 కింద ఖర్చులకు డబ్బు, 23 కింద వెంటనే మధ్యంతర ఉత్తర్వు, 14 కింద అతనికొక్కడికే కౌన్సెలింగ్. ఇదే సెక్షన్ కింద ఇద్దరికీ కలిపి కూడా ఆదేశించవచ్చు, అందుకే 'ఒక్కడికే' అన్న మాట అర్జీలో స్పష్టంగా ఉండాలి. కౌన్సెలింగ్ ఆదేశిస్తే తర్వాతి వాయిదా రెండు నెలల్లోపు ఉండాలి. ఆ వాయిదాకు ఆస్పత్రి ఓపీ చీటీలు, హాజరు కాగితం తెమ్మని కోరండి. రక్షణ ఉత్తర్వు దాటితే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, 20 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

2006 నిబంధనల్లో 14వది కౌన్సెలర్లకు స్పష్టంగా చెబుతుంది: కొట్టడానికి భర్త చెప్పే సమర్థనకు కౌన్సెలింగులో చోటివ్వకూడదు, ఆ సంగతి మొదలుపెట్టే ముందే అతనికి తెలియజేయాలి. 'మత్తులో ఉన్నాను' అనేదీ సమర్థనే. క్రిమినల్ కేసులోనూ, తనంతట తాను తాగిన మత్తు శిక్ష నుంచి తప్పించదు. భార్య మీద భర్త, అత్తింటివాళ్లు చూపే క్రూరత్వాన్ని శిక్షించే 498ఏ స్థానంలో 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహిత 85, 86 సెక్షన్లు వచ్చాయి. శిక్ష అదే, మూడేళ్ల దాకా జైలు, జరిమానా.

మీ సమాఖ్య చెయ్యగలిగిన మంచి పని ఒకటుంది. రాజీకి బదులు, వారానికోసారి ఆయన లేని వేళ ఆమెను కలిసి మూడే ప్రశ్నలడగండి: ఈ వారం కొట్టాడా, బెదిరించాడా, నువ్వెక్కడికైనా వెళ్లకుండా ఆపాడా. తాగాడా అన్నది నాలుగో ప్రశ్న.

*మా తమ్ముడు కాలిఫోర్నియాలో ఉంటాడు. తాగి భార్యను కొట్టిన కేసులో కోర్టు 52 వారాల క్లాసులు వేసింది. తాగుడు పూర్తిగా మానేశాడు, ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానేవాళ్ల బృందం) మీటింగులకూ వెళ్తున్నాడు. ఆ క్లాసులు మాఫీ చేయించుకోవచ్చా?*
— ఒక అన్నయ్య, విజయవాడ

కుదరదు, కుదరకపోవడమే మంచిది. అక్కడ గృహహింస కేసులో ప్రొబేషన్ (షరతుల మీద బయట ఉండనివ్వడం) ఇస్తే, వారానికి కనీసం రెండు గంటల చొప్పున ఏడాది పాటు హింస మాన్పించే కార్యక్రమం చట్టమే తప్పనిసరి చేసింది, 18 నెలల్లో ముగించాలి. తాగుడు మాన్పించే క్లాసు దీనికి అదనం మాత్రమే, దీనికి బదులు కాదు. క్లాసులు ఎగ్గొడితే ప్రొబేషన్ రద్దు కావచ్చు. వీసా మీద ఉంటే, ఇమిగ్రేషన్ తెలిసిన లాయరును విడిగా సంప్రదించకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని చెప్పండి.

మరదలిని కలవకూడదని కోర్టు ఉత్తర్వు ఉంటే, మీరు ఇక్కడి నుంచి ఫోన్ చేసి 'కేసు వెనక్కి తీసుకో' అని చెప్పడం కూడా ఆ ఉత్తర్వును దాటినట్టు అవ్వొచ్చు. అక్కడ కేసు నడిపేది ప్రభుత్వం, ఆమె వద్దన్నంత మాత్రాన ఆగదు. తమ్ముడికి మీరు చేయగలిగిన సాయం వారం వారం ఫోన్ చేసి క్లాసుకు వెళ్లావా, ఈసారి అక్కడ ఏం మాట్లాడారు అని అడగడం. మరదలికి ఫోన్ చెయ్యకండి.